దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత: కృష్ణ వైపు సైకిల్ దారులు

నల్లమల ఘాట్‌కు సైకిల్ మీద పోదామనుకునేవాళ్లు ఎక్కువగా ఎక్కుడు గురించే అడుగుతారు. ఎంత ఎత్తు, ఎన్ని మలుపులు, ఏ గేర్ పెట్టాలి అని. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది, ఆ ఎక్కుడు రోజులో ఏ గంటకు మన ముందుకు వస్తుందన్నది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పెద్ద కొండదారులు చాలావరకు కృష్ణలోకి దిగేవే. పొద్దున్నే ఓపిక ఉన్నప్పుడు గుట్ట ఎక్కేసి, అలిసిపోయాక హాయిగా దిగుతూ ఇంటికి రావడం ఇక్కడ కుదరదు. పైన మొదలుపెడతాం. చల్లగా ఉన్నప్పుడు పెడల్ తొక్కకుండానే నది దాకా దిగిపోతాం. ఎండెక్కి, సీసాలు సగం ఖాళీ అయ్యాక అదే కొండ ఎక్కాలి. ఏ గేర్ ఉండాలి, ఎన్ని నీళ్లు మోయాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నవి ఈ ఒక్క సంగతిని బట్టే తేల్చుకోవాలి.

మన్ననూర్ నుంచి మొదలుపెడదాం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే 765వ నంబర్ జాతీయ రహదారి డిండి ప్రాజెక్టు దాటి, హాజీపూర్ చౌరస్తా మీదుగా మన్ననూర్ చేరుతుంది. అచ్చంపేట నుంచి వచ్చేవాళ్లు హాజీపూర్ దగ్గరే ఈ రోడ్డు ఎక్కుతారు. ఆ చౌరస్తా నుంచి మన్ననూర్ దాకా ఉన్న ఘాట్ మాత్రం మామూలు ఘాటే: ముందు ఎక్కుడు, తిరిగొచ్చేటప్పుడు దిగుడు. అందుకే ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. దారిలో రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం గుడికి వేరే ఘాట్ రోడ్డు పోతుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా చెప్పుకునే గుడి ఇది. మెయిన్ రోడ్డు ఎక్కుడు సరిపోలేదనిపిస్తే దీన్ని కలుపుకోవచ్చు. కాళ్లు బరువెక్కిన చోట నుంచి ఇంటికి దిగుడే కాబట్టి భయం లేదు.

మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే లెక్క మారుతుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసి ఉంటుంది, వాహనాలను వదలరు. గేటు తీయగానే మొదటి వరుసలో బయల్దేరకండి. రాత్రంతా ఆగిన కార్లు, బస్సులు ఒక్కసారిగా వదులుతారు, ఆ మొదటి అరగంట రోడ్డు మీద తొందర ఎక్కువ. వాళ్లందరినీ పోనిచ్చి 6:30కు కదిలితే వెలుతురు బాగుంటుంది, వెనకనుంచి హారన్ల గోల ఉండదు. పైగా జింకలు, అడవి పందులు రోడ్డు దాటే వేళ కూడా కొంత గడిచిపోతుంది. ఎప్పుడైనా ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లండి.

మన్ననూర్ నుంచి వటవర్లపల్లి దాకా రోడ్డు మోస్తరు ఎత్తుపల్లాలతో పోతుంది. మల్లెల తీర్థం జలపాతానికి తిరిగే దారి వటవర్లపల్లి దగ్గరే. ఒక్క రోజులో తిరిగొచ్చేవాళ్లు ఇక్కడే వెనక్కి తిరగడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఇంకా ముందుకు పోతే దోమలపెంట, ఈగలపెంట, ఆ తర్వాత మూలమలుపులతో శ్రీశైలం డ్యామ్ కింది వంతెన దాకా దిగుడు. మన్ననూర్ నుంచి ఈగలపెంట దాకానే యాభై కిలోమీటర్లకు పైన ఉంటుంది. పోయిరావడం వంద దాటుతుంది, పెద్ద ఎక్కుడంతా మధ్యాహ్నానికి పడుతుంది. దిగాలనుకుంటే దిగండి. కానీ వంతెన దాటి సున్నిపెంట ఎక్కి, రాత్రికి శ్రీశైలంలో ఏదో సత్రంలో ఉండండి. మర్నాడు పొద్దున్నే చల్లని వేళ డ్యామ్ దగ్గర నుంచి పైకి రండి. రెండు రోజులుగా విడగొడితే అదే ఎక్కుడు మనిషిని మిగులుస్తుంది.

ఈ రోడ్డు నిశ్శబ్దంగా ఉండాలంటే వారం చూసుకోవాలి. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా వద్దు. మహాశివరాత్రి ముందు రోజులు, కార్తీక సోమవారాలు, ఉగాది, వానాకాలంలో డ్యామ్ గేట్లు ఎత్తిన వార్త వచ్చిన వారం అసలే వద్దు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, అప్పుడూ ఇంతే. మామూలు వారాల్లో మంగళ, బుధ, గురువారాలు నయం. రోడ్డు దిగి అడవి బాటల్లోకి సైకిల్ తిప్పకండి. ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీ శాఖ సఫారీ బండ్లలోనే పోవాలి. చెక్‌పోస్టులో సైకిల్ మీద పోతున్నామని, ఎక్కడిదాకా, ఎన్ని గంటలకు వస్తామని చెప్పి పోండి. మధ్యలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి, ఆ ఒక్క మాట మీకు పనికొస్తుంది.

కోతుల సంగతి వేరే చెప్పాలి. ఈ రోడ్డు పొడవునా కార్లలోంచి తిండి విసరడం వల్ల అవి రోడ్డు పక్కనే కాపు కాస్తాయి. హ్యాండిల్‌కు కవర్ వేలాడదీస్తే లాగేస్తాయి, ఎక్కుడులో మీరు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటారు కాబట్టి తప్పించుకోలేరు. తిండి జిప్ ఉన్న బ్యాగులో లోపల పెట్టండి. ఆగాల్సి వస్తే గుంపు లేని చోట ఆగండి, కళ్లలోకి చూడకండి, తిండి చేతిలోకి తీయకండి. ప్లాస్టిక్ ఏదీ అడవిలో వదలొద్దని మళ్లీ చెప్పనవసరం లేదనుకుంటాను. ఎనర్జీ జెల్ ప్యాకెట్ చింపిన చిన్న ముక్క కూడా ప్లాస్టికే.

మనుషులు తక్కువ తిరిగే దారులు

మన్ననూర్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి అమ్రాబాద్ వైపు తిరిగితే పదర, మద్దిమడుగు దాకా పోవచ్చు. శ్రీశైలం ట్రాఫిక్ అంతా అటు పోతుంది, ఇటు పైపీఠభూమి మీది ఊళ్ల బండ్లు, మద్దిమడుగు ఆంజనేయస్వామి గుడికి పోయే భక్తులు, అంతే. శనివారం, మంగళవారం తప్పిస్తే రోడ్డంతా మీ సొంతమే. చేన్లు, అడవి ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. నా మటుకు ఈ మొత్తం ప్రాంతంలో తీరుబడిగా తొక్కడానికి ఇంతకంటే మంచి రోడ్డు లేదు. మద్దిమడుగు వైపు దిగేకొద్దీ ఇందాక చెప్పిన లెక్క ఇక్కడా వర్తిస్తుంది, తిరుగు ప్రయాణమే కష్టం.

కొల్లాపూర్ నుంచి సోమశిల చిన్న దారి, పది కిలోమీటర్లు అటూఇటూ. గుట్టల మధ్య నుంచి కృష్ణ ఒడ్డుకు దిగుతుంది. కొత్తవాళ్లకు ‘ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు’ అలవాటు కావడానికి ఇదే సరైన బడి. రెండుసార్లు దిగి ఎక్కితే మీ కాళ్ల సంగతి మీకే తెలుస్తుంది. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. దానికి దగ్గరగా నీళ్లున్న రోజుల్లో, అంటే ఆగస్టు చివరి నుంచి నవంబర్ దాకా, సోమశిల ఒడ్డు చూడాలి. వేసవికి నీళ్లు వెనక్కి పోయి బురద నేల తేలుతుంది. సంక్రాంతికి సింగోటం జాతర, ఏప్రిల్, మే నెలల్లో కొల్లాపూర్ మామిడికాయల బండ్లు. ఈ రెండు సీజన్లలో కొల్లాపూర్ రోడ్లు ఖాళీగా ఉండవు.

నల్లగొండ వైపు దేవరకొండ మంచి అడ్డా. ఏడు గుట్టల మధ్య కట్టిన రేచర్ల పద్మనాయకుల కోట ఊరికి ఆనుకునే ఉంది. అక్కడి నుంచి చందంపేట వైపు ఒక దారి, నేరేడుగొమ్ము మీదుగా సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీకి ఇంకొక దారి. రెండూ తండాల మధ్య నుంచి, పొదలూ బండలూ ఉన్న గుట్టల మధ్య నుంచి పోతాయి. ఇక్కడ ఘాట్ లాంటి ఏకధాటి ఎక్కుడు ఉండదు. చిన్నచిన్న ఎత్తులు వస్తూనే ఉంటాయి, ఒక్కోటి రెండు మూడు నిమిషాల పని. ప్రతి ఎత్తునూ పెద్ద గేర్‌తో లేచి నిలబడి కొట్టేస్తే, ముప్పయ్యో కిలోమీటరుకు తొడలు పట్టేస్తాయి. చిన్న గేర్‌లో కూర్చునే ఎక్కాలి.

రాచకొండ గుట్టలు సంస్థాన్ నారాయణపూర్ వైపు నుంచి పోతే బాగుంటాయి. హైదరాబాద్‌కు దగ్గర కాబట్టి ఆదివారం జనం ఉంటారు. మహబూబ్‌నగర్‌లో ఉండేవాళ్లకు దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్, రెండు గుట్టల మధ్య కట్టిన ప్రాజెక్టు, సగం రోజుకు సరిపోతుంది. మన్యంకొండ గుడి ఘాట్ చిన్నదే అయినా బ్రేకులు, గేర్లు పరీక్షించుకోవడానికి పనికొస్తుంది. నల్లమలకు పోయే ముందు వారం అక్కడ మూడు సార్లు ఎక్కి దిగితే సైకిల్‌లో ఉన్న లోపాలన్నీ బయటపడతాయి.

గేర్ లెక్క

వంద మీటర్లు ముందుకు పోయేసరికి 6 మీటర్లు పైకి పోతే అది 6 శాతం ఎత్తు. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 88 కిలోలనుకుంటే, 6 శాతం మీద గంటకు 10 కిలోమీటర్ల వేగానికి సుమారు 160 వాట్లు కావాలి. క్రమం తప్పకుండా తొక్కేవాళ్లు దీన్ని గంటసేపు నిలబెట్టగలరు. కానీ గేర్ సహకరించాలి. ముందు 34, వెనక 32 పళ్లుంటే ఆ వేగానికి నిమిషానికి 75 సార్లు పెడల్ తిరుగుతుంది. అది కాళ్లకు హాయి. వెనక పెద్ద చక్రం 28 పళ్లదే అయితే 65కు పడుతుంది, అలిసి 8 కిలోమీటర్ల వేగానికి వచ్చాక 52. అక్కడి నుంచి మోకాళ్ల మీద భారం మొదలవుతుంది. గేర్లు లేని మామూలు సైకిల్ మీద 10 కిలోమీటర్ల వేగంలో ముప్పైమూడుకు అటూఇటూ ఉంటుంది. దాని మీద ఎత్తులొచ్చిన చోట దిగి నడిపించడమే తెలివి. నల్లమలకు పోయే రోడ్ బైక్‌కు వెనక కనీసం 32 పళ్లుండాలి, లగేజీ ఉంటే 34. క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) మార్చేటప్పుడు చైన్ పొడవు, డిరైలర్ (చైన్‌ను జరిపి గేర్ మార్చే భాగం) ఎన్ని పళ్ల దాకా పనిచేస్తుందన్నదీ చూసుకోవాలి. చైన్ పొట్టిగా ఉండి ముందు పెద్దది, వెనక పెద్దది కలిస్తే డిరైలర్ వంగిపోతుంది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. ఆ హ్యాంగర్ మోడల్‌కు ఒకటి వేరుగా ఉంటుంది, అచ్చంపేటలో దొరకదు. మీ సైకిల్‌ది ఒకటి బ్యాగులో ఉంచుకోండి.

టైము ఇలా వేసుకోండి. ఫోన్ మ్యాప్‌లో మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో చూడండి. అలవాటున్న మామూలు రైడర్ చల్లని వేళ గంటకు 500 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు. ఎండలో, లగేజీతో 350 అనుకోవాలి. దాన్ని బట్టి తిరుగు ఎక్కుడుకు ఎంత పడుతుందో లెక్కేసి, 11 గంటల కల్లా పైకి చేరేలా వెనక్కి తిరిగే టైము ముందే ఖాయం చేసుకోండి. దిగుడులో ఉత్సాహంగా ఉంటుంది, ఇంకొంచెం పోదామనిపిస్తుంది. అందుకే ఆ టైము ఇంట్లోనే తేల్చుకోవాలి, రోడ్డు మీద కాదు.

దిగేటప్పుడు

88 కిలోల బరువు 100 మీటర్ల ఎత్తు దిగితే 86 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. గాలి కొంత మింగుతుంది, మిగతాదంతా బ్రేకుల్లో వేడి. బ్రేకు నొక్కి పట్టుకుని దిగేవాళ్లకు రిమ్ కాలి, ట్యూబు లోపల గాలి ఉబ్బి, టైరు రిమ్ నుంచి లేచిపోయి పగులుతుంది. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్లు మెరుగెక్కి పట్టు తప్పుతుంది, కాలిన వాసన వస్తుంది. పద్ధతి ఒకటే. మలుపుకు ముందు, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ గట్టిగా కలిపి నొక్కి వేగం తగ్గించాలి. మలుపులో వదిలేయాలి. తిన్నగా ఉన్న చోట రిమ్ చల్లారుతుంది. 6 శాతం దిగుడులో, ఎండిన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పోతుంటే, చూసి బ్రేకు వేసి ఆగేసరికి 30 మీటర్ల దాకా పోతాం. 30 వేగంలో అయితే 20 లోపే. మూలమలుపు అవతల 30 మీటర్లు కనబడకపోతే 40తో పోయే హక్కు మనకు లేనట్టే.

మలుపుల్లో రోడ్డు అంచుకు అంటుకుని పోవద్దు. అంచున కంకర, ఇసుక పేరుకుని ఉంటాయి. మన వైపు లేన్‌లో నడిమధ్యన ఉంటే వెనక కారు ఇరుకులో దూరే ప్రయత్నం చేయదు. ఎదురుగా వచ్చే బస్సు మలుపు కోసుకుని మన వైపు వస్తుందనే లెక్కతోనే దిగాలి. సెప్టెంబర్ దాకా నీడ పడే చోట రోడ్డు మీద పాకుడు ఉంటుంది, అది తడిసినప్పుడు బ్రేకు ముట్టుకోకూడదు. వానలో దిగాక బ్రేక్ రబ్బర్లు ఊడదీసి చూడండి. ఇసుక రేణువులు, రిమ్ నుంచి రాలిన అల్యూమినియం తునకలు రబ్బరులో దిగబడి ఉంటాయి. సూదితో పీకేసి, ఇసుక కాగితంతో ఒకసారి రుద్దాలి. అలాగే వదిలేస్తే అవే రిమ్‌ను కోస్తాయి. డిస్క్ ప్యాడ్ మందం 1 మిల్లీమీటరుకు వస్తే ఇంకో ఘాట్ చేయనివ్వకుండా మార్చేయాలి.

టైర్లు, ముళ్లు

ఇక్కడ పంక్చర్లకు ముఖ్య కారణాలు పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు. పల్లేరు రోడ్డు పక్క మట్టిలో ఉంటుంది, బండికి దారిచ్చి మట్టిలోకి దిగిన క్షణంలో రెండు టైర్లలోనూ ఎక్కుతుంది. కాయ మీద నాలుగు వైపులా ముళ్లుంటాయి కాబట్టి ఎలా పడినా ఒకటి పైకే ఉంటుంది. గాలి ఒక్కసారి పోదు, అరగంటలో మెత్తబడుతుంది. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా బట్టతో తడిమి చూడండి. బట్ట ఎక్కడ తగులుకుంటే అక్కడ ముల్లుంటుంది. వేళ్లతో తడిమితే కోసుకుంటాయి. ముల్లు పీకకుండా కొత్త ట్యూబు వేస్తే అయిదు నిమిషాల్లో అది కూడా పోతుంది. ఒక్కటి దొరికిందని ఆపొద్దు, చుట్టూ పూర్తిగా చూడాలి.

టైరు వెడల్పు 28 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య మంచిది. 70 కిలోల మనిషికి 28 టైరులో గాలి ఒత్తిడి 75 నుంచి 80 పీఎస్ఐ, 32లో 60 నుంచి 65 చాలు. తెల్లవారి 20 డిగ్రీల చలిలో 80 కొట్టిన టైరు, ఎండలో 50 డిగ్రీల రోడ్డు మీద 90కి చేరుతుంది. అందుకే టైరు మీద రాసిన గరిష్ఠం దాకా పొద్దున్నే కొట్టకూడదు. ఆగినప్పుడు సైకిల్ నీడలో పెట్టాలి. ఇద్దరికి కలిపి మూడు ట్యూబులు, ఎనిమిది ప్యాచీలు, సొల్యూషన్, చేతి పంపు. ఊరి పంక్చర్ షాపులో మామూలు సైకిల్ వాల్వు, బండి వాల్వు ఉంటాయి, సన్నటి ప్రెస్టా వాల్వుకు గాలి పట్టదు. కొద్ది రూపాయలకే దొరికే ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచితే ఎక్కడైనా గాలి కొట్టించుకోవచ్చు.

అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా, మళ్లీ ఏప్రిల్, మేలో నల్లగొండ జిల్లా పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, అంచున రాళ్ల వరుస. చెదిరిన గింజలు తారు మీద గోళీల్లా జారిపోతాయి, బ్రేకు వేసి తిప్పితే పడిపోతాం. ఆ చోట దిగి నడిపించండి. ఆ గింజ మీదుగా చక్రం పోనివ్వడం ఏ విధంగా చూసినా తప్పు. వడ్లు ఎత్తేశాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి, చీకట్లో కనబడవు. పత్తి సీజన్‌లో అడ్డంగా ఉబ్బిన పత్తి ట్రాక్టర్లు వస్తాయి. అవి ఎదురైతే రోడ్డు దిగడమే.

నీళ్లు, తిండి, వాపసు

చలికాలంలో గంటకు ముప్పావు లీటరు, ఫిబ్రవరి దాటాక లీటరు. మన్ననూర్‌లో ఒక్కొక్కరు 3 లీటర్లతో బయల్దేరాలి, అందులో సగం తిరుగు ఎక్కుడుకు ముట్టకుండా ఉంచాలి. ఊళ్లలో ప్యూరిఫైడ్ వాటర్ ప్లాంట్లు ఉంటాయి, సీసా ఇస్తే నింపుతారు. లీటరుకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే కండరాలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది. పల్లిపట్టీలు, అరటిపళ్లు, పొద్దున తిన్న ఇడ్లీ సరిపోతాయి. ఆకలి వేయకముందే, ముప్పావు గంటకోసారి ఏదో ఒకటి నమలాలి. చెమట ఆగిపోయి ఒళ్లు వేడిగా ఉంటే, చలి పుడుతున్నట్టనిపిస్తే అక్కడికక్కడే నీడకు చేరి తల మీద, మెడ మీద నీళ్లు పోసుకోవాలి. ఇక ఆ రోజుకు ఎక్కుడు లేదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఆ నెలల్లో పొద్దున పడమటికి తొక్కి, గాలి వెన్నున పెట్టుకుని తిరిగి రావాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి బాధ తక్కువ, తెల్లవారి పీఠభూమి మీద చలి ఉంటుంది. ఎక్కేటప్పుడు విప్పి, దిగేముందు వేసుకోవడానికి పల్చటి గాలికోటు చాలు.

కాళ్లు ఇక ససేమిరా అన్నప్పుడు బస్సునో, ఖాళీగా పోయే బొలేరోనో ఆపాల్సి వస్తుంది. డిక్కీ ఉన్న బస్సులో ఎక్కించుకోవడం డ్రైవరు, కండక్టర్ల ఇష్టం. అడిగే ముందే ముందు చక్రం విప్పి ఫ్రేముకు కట్టేసి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి ఉంచితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. డిరైలర్ ఉన్న వైపు పైకి రావాలి, చైన్ చిన్న పళ్ల మీదికి దించాలి. హైడ్రాలిక్ డిస్క్ అయితే చక్రం విప్పగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. ఎవరి చెయ్యో లీవర్‌కు తగిలి నొక్కుకుంటే ప్యాడ్లు దగ్గరికొచ్చి మూసుకుపోతాయి, దిగాక చక్రం ఎక్కదు. అట్టముక్క మరిచిపోతే వెడల్పు స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా, ప్యాడ్ మీద గీతలు పడకుండా, వెనక్కి నెట్టుకోవాలి.